నీళ్లు వెనక్కి తంతున్నాయా? రబ్బరు పంపు కొనే ముందు ఛాంబర్ మూత తీసి చూడండి

పోయిన కార్తీకంలో వాన పట్టుకున్న మూడో రోజు తెల్లవారుజామున మా కింది బాత్రూంలో గచ్చు మీది నీళ్లు పోయే నహాని ట్రాప్ జాలీలోంచి నల్లటి నీళ్లు గుడగుడమంటూ పైకొచ్చాయి. మాకిది మూడోసారి. మొదటిసారి నేనేం చేశానో చెప్తే నవ్వుతారు, అయినా చెప్తాను, ఎందుకంటే చాలామంది చేసేది అదే. కొట్టుకి పరుగెత్తి డ్రైన్ పౌడర్ ప్యాకెట్లు నాలుగు తెచ్చి పోశాను. ఏమీ కాలేదు. మళ్లీ పోయి యాసిడ్ సీసా తెచ్చాను, మూత తీయకముందే మా ఆవిడ లాక్కుంది. ఆపైన ప్లంబర్ వచ్చి పైపులోకి పొడవాటి స్ప్రింగు తీగ దూర్చి గంటసేపు తిప్పి 800 రూపాయలు తీసుకున్నాడు. సాయంత్రానికి నీళ్లు దిగిపోయాయి, అంతా ఆయన చేతి మహిమే అనుకున్నాం. తీరా చూస్తే అవి దిగింది వాన తగ్గినందుకు. అడ్డం మా ఇంట్లో లేనే లేదు, రోడ్డు లైను నిండిపోయి మా బాత్రూంలోకి తన్నింది.

అందుకే ఏది కొనాలి, ఎవర్ని పిలవాలి అని అడిగేవాళ్లకి నేను ముందు ఒక్కటే చెప్తాను. అడ్డం ఎక్కడుందో చూడండి. పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు.

ఇంట్లో ఒక్కచోటే నీళ్లు నిలిచి, మిగతావన్నీ బాగా పోతుంటే అడ్డం ఆ సింకు కిందో, ఆ ట్రాప్‌లోనో ఉన్నట్టు. అలా కాకుండా కమోడ్ ఫ్లష్ చేస్తే పక్కన నహాని ట్రాప్‌లో బుడగలు వస్తున్నా, వాషింగ్ మెషీన్ నీళ్లు వదిలితే బాత్రూంలో తేలుతున్నా అది మెయిన్ లైను సంగతి. అప్పుడు బయటికెళ్లి కాంపౌండ్‌లో మురుగు పైపులు కలిసే గుంత, అదే ఛాంబర్, దాని మూత తీయండి. తల లోపలికి పెట్టకండి, మూత పక్కకి జరిపి కాసేపు గాలి పోనిచ్చి, దూరం నుంచి టార్చి వేసి చూడండి. ఛాంబర్ ఖాళీగా ఉండి ఇంట్లో నీళ్లు నిలిచాయంటే అడ్డం ఇంటికీ ఛాంబర్‌కీ మధ్య ఉంది. ఛాంబర్ నిండిపోయి ఉంటే దాని తర్వాత ఉంది. రెండు మూడు ఛాంబర్లుంటే ఒక్కొక్కటే చూసుకుంటూ పోండి, నిండినదానికీ ఖాళీగా ఉన్నదానికీ నడుమ దొరుకుతుంది. ఆఖరి ఛాంబర్ కూడా నిండి, పక్కింటి వాళ్లదీ అదే గోల అయితే అది రోడ్డు లైను. మీరు ఎన్ని ప్యాకెట్లు పోసినా రోడ్డు లైను కరగదు.

ఇక పనిముట్ల సంగతి. చిన్న అడ్డాలకి నా ఓటు రబ్బరు పంపుకే. అదే ప్లంజర్. కాకపోతే చాలామంది దాన్ని తప్పుగా వాడి పనికిరాదని మూలకి పడేస్తారు. రబ్బరు గిన్నె మునిగేంత నీళ్లు ఉండాలి, గాలిని తోస్తే ఏమీ జరగదు. వాష్ బేసిన్‌కి పైన ఓవర్‌ఫ్లో రంధ్రం ఉంటుంది, దాన్ని తడిగుడ్డతో గట్టిగా మూయాలి. నహాని ట్రాప్‌కైతే ముందు జాలీ తీసి, లోపల బోర్లించిన కప్పు కూడా తీయాలి. ఇంకోటి, కిందికి తొయ్యడం కన్నా పైకి లాగడం మీద బలం పెట్టండి. తోస్తే అడ్డం ఇంకా లోపలికి పోయి బిగుసుకోవచ్చు, లాగితే వదులవుతుంది. సింకుకి చదును గిన్నె ఉన్నది, కమోడ్‌కి కింద నాలుక లాంటి అంచు ఉన్నది, రెండూ వేరువేరుగా కొనుక్కోండి. కమోడ్‌కి వాడినదాన్ని వంటింట్లోకి తేవద్దని వేరే చెప్పాలా?

వంటింటి సింకు అయితే పంపు కన్నా ముందు కింద ఉన్న బాటిల్ ట్రాప్ విప్పండి. కింద బకెట్ పెట్టి చేత్తో తిప్పితే వచ్చేస్తుంది. మా ఇంట్లో ప్రతిసారీ దొరికేది ఒకటే, చింతపండు పిప్పి. పులుసు చేసి పిప్పిని సింకులోనే వదిలేస్తాం, దాని పీచు జాలీ దాటి లోపల చిక్కుకుంటుంది, దాని మీద ఇడ్లీ పిండి గిన్నె కడిగిన నీళ్లు, ఆ పైన కోడిపులుసు నూనె, అన్నీ కలిసి గోడకి మెత్తిన సున్నంలా గట్టిపడతాయి. బాత్రూంలో అయితే వెంట్రుకలు, కుంకుడుకాయ పిప్పి, నలుగు పిండి. తలనీలాలు ఇవ్వాల్సింది కొండమీద కల్యాణకట్టలో అని మా పిల్లకి రోజూ చెప్తాను, వినదు. బోరు నీళ్లు ఉప్పగా ఉన్న ఇళ్లలో సబ్బు సరిగ్గా కరగక తెల్లటి పేరుడు కూడా తోడవుతుంది.

మందుల విషయానికొస్తే, కొట్లో దొరికే డ్రైన్ పౌడర్లలో ఎక్కువగా ఉండేది కాస్టిక్ సోడా. అది నూనెని సబ్బులా మార్చి వెంట్రుకల్ని కరిగిస్తుంది, కాబట్టి నీళ్లు పూర్తిగా ఆగకముందు, నెమ్మదిగా పోతున్న దశలో పనికొస్తుంది. గుడ్డముక్క, ఇసుక, ప్లాస్టిక్, శానిటరీ ప్యాడ్ లాంటివి అడ్డం పడితే అది చేసేదేమీ లేదు. పైపెచ్చు నీళ్లలో పడగానే విపరీతంగా వేడెక్కుతుంది. అడ్డం కదలకపోతే ఆ మరిగే మందునీళ్లు పైపులోనే నిలబడి ఉంటాయి, ఆ తర్వాత మీరు పంపు కొట్టినా ప్లంబర్ స్ప్రింగు పెట్టినా కళ్లలోకి చిందేది అదే. అందుకని ఒకసారి మందు పోశాక పంపు జోలికి పోకండి, ప్లంబర్‌ని పిలిస్తే ఏం పోశారో దాచకుండా చెప్పండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు, ఆయన కళ్లు ముఖ్యం.

యాసిడ్‌ని మాత్రం నేను జాబితాలోనే పెట్టను. మా ఆవిడ సీసా లాక్కున్నది ఎందుకంటే అంతకుముందే నేను కాస్టిక్ పోసి ఉన్నాను, రెండూ కలిస్తే ఉడికి మొహాన కొడుతుంది. బ్లీచింగ్ పౌడర్ చల్లిన చోట యాసిడ్ గానీ, యాసిడ్ ఉండే టాయిలెట్ క్లీనర్ గానీ పోస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపేసిన చిన్న బాత్రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. అదీ కాక యాసిడ్ సిమెంటుని తింటుంది, ఛాంబర్ గోడలు, పాత పైపుల అతుకులు నెమ్మదిగా గుల్లవుతాయి. సెప్టిక్ ట్యాంకు ఉన్నవాళ్లకి ఇంకో నష్టం, లోపల మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవుల్ని అది చంపేస్తుంది, ట్యాంకు త్వరగా నిండుతుంది.

వంటసోడా, వెనిగర్ చిట్కా వీడియోల్లో తెగ తిరుగుతోంది. నురగ చూడ్డానికి బాగుంటుంది. రెండూ ఒకదాన్నొకటి చల్లార్చుకుని చివరికి మిగిలేది ఉప్పునీళ్ల లాంటిదే, గట్టి అడ్డాన్ని కదిలించదు. వేడినీళ్లు దానికంటే నయం, నూనె పేరుకున్న సింకుకి. అయితే సలసల మరిగేవి పోయకండి, పీవీసీ పైపు 60 డిగ్రీలు దాటితే మెత్తబడటం మొదలవుతుంది, కమోడ్ పింగాణీ అయితే పగలొచ్చు కూడా.

పంపుతో కదలకపోతే స్ప్రింగు. చేత్తో తిప్పే చిన్న స్ప్రింగు ఇంట్లో ఒకటి పెట్టుకోవడం తప్పు కాదు, వెంట్రుకల ఉండలకి దాన్ని మించింది లేదు. మన పక్క పాతకాలం వాళ్లు వాడే వెదురు బద్ద కూడా చెడ్డదేం కాదు, ఒక ఛాంబర్ నుంచి ఇంకో ఛాంబర్‌కి తిన్నగా ఉన్న లైనులో స్ప్రింగు కన్నా గట్టిగా తోస్తుంది. వంపులో పెట్టారో, విరిగి అదే కొత్త అడ్డం అవుతుంది. ఇక కరెంటుతో తిరిగే పెద్ద స్ప్రింగు ప్లంబర్ల దగ్గర ఉంటుంది, చెట్ల వేళ్లు దూరిన పైపుల్లో వాటిని కోసుకుంటూ పోతుంది. స్ప్రింగుల్లో ఏదైనా సరే ఒక లోపం ఉంది. అది అడ్డంలో బొక్క చేస్తుంది తప్ప పైపు గోడకి పట్టిన జిడ్డుని గీకి తీయదు. అందుకే నెల తిరక్కుండానే మళ్లీ మొదలు. గోడలు కడిగేది జెట్టింగ్, అంటే గొట్టం చివర ముక్కులోంచి నీళ్లు గట్టి ఒత్తిడితో వెనక్కి చిమ్ముతూ ముందుకు పోయే పద్ధతి. ఖర్చెక్కువ. ఒక్కసారి వచ్చిన అడ్డానికి అవసరం లేదు, ఏడాదిలో మూడోసారి అంటే స్ప్రింగుకి మూడుసార్లు ఇచ్చే డబ్బు కలిపి ఒకసారి జెట్టింగ్ చేయించడం మేలు.

పాత పైపు అయితే జెట్టింగ్‌కి ముందు ఆలోచించండి. పగిలిన మట్టి గొట్టాల్లో అంత ఒత్తిడి పెడితే అతుకులు ఊడొచ్చు. అసలు ఒకేచోట పదేపదే ఆగుతోందంటే అది కడగడంతో తీరే జబ్బు కాదేమో, వాలు తప్పి ఉండొచ్చు. నాలుగు అంగుళాల పైపుకి పది అడుగులకు మూడు అంగుళాల వాలు ఉండాలని మేస్త్రీలు లెక్క చెప్తారు. నేల కుంగి పైపు నడుమ పల్లం పడితే మలం అక్కడే కూర్చుంటుంది. కాంపౌండ్‌లో కొబ్బరో వేపో ఉంటే వేళ్ల మీద కూడా అనుమానం పెట్టుకోండి. పైపులోకి కెమెరా పంపి చూసేవాళ్లు దొరికితే బండలు పగలగొట్టే ముందు ఒకసారి చూపించండి, ఎక్కడ తవ్వాలో తెలుస్తుంది.

సెప్టిక్ ట్యాంకా, యూజీడీ (రోడ్డు కింద పోయే మురుగు లైను) కనెక్షనా అన్నదాన్ని బట్టి పిలవాల్సిన మనిషి మారతాడు. చిత్తూరులోనూ, తిరుపతి అంచుల్లో పెరిగిన కాలనీల్లోనూ చాలా ఇళ్లకి సెప్టిక్ ట్యాంకే. అక్కడ నీళ్లు వెనక్కి వస్తే అందరూ వెంటనే ట్యాంకరు బండిని పిలుస్తారు. రెండు మూడేళ్లుగా తీయించకపోతే అది సరైన పనే. ఆర్నెల్ల కిందటే తీయించి ఉంటే మాత్రం ఆగండి. అప్పుడు తప్పు ట్యాంకుది కాకుండా దాని తర్వాతి ఇంకుడు గుంతది అయ్యుండొచ్చు. మనకి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ రోజుల్లో భూమి తడిసి ముద్దయి గుంత నీళ్లు పీల్చుకోదు. బండి వచ్చి తోడి వెళ్లిన నాలుగు రోజులకే మళ్లీ నిండుతుంది, మీ డబ్బులు బండికీ బాధ మీకూ. రెడీమేడ్ ప్లాస్టిక్ ట్యాంకు ఉన్నవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోండి, భూమిలో నీళ్లు పైకొచ్చిన సమయంలో పూర్తిగా ఖాళీ చేయిస్తే అది కిందనుంచి తేలి పైపులు విరిచేస్తుంది. కొంత నీళ్లు ఉంచమని చెప్పండి.

ఇక్కడ ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. తక్కువకి చేస్తాం, దిగి తీస్తాం అనేవాళ్లు ఇప్పటికీ వస్తారు. ఎంత తక్కువకైనా సరే, మనిషిని ట్యాంకులోకో మ్యాన్‌హోల్‌లోకో దించకండి. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, కొంచెముంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, దిగినవాడు అరిచే లోపే పడిపోతాడు, వాణ్ని తీయబోయినవాడూ పడిపోతాడు. 2013లో వచ్చిన చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా ఇలా దించడం నేరం, మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇలాంటి చావుల్లో పరిహారం 30 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. ఇంటాయన నాకు తెలీదు అంటే సరిపోదు.

యూజీడీ కనెక్షన్ ఉన్నవాళ్లకి హద్దు సులువు. కాంపౌండ్ లోపలి ఛాంబర్లు మీ ఖర్చు, రోడ్డు మీది మ్యాన్‌హోల్ కార్పొరేషన్ పని. ఆ పనికి ప్రైవేటు వాళ్లకి డబ్బులిచ్చి రోడ్డు మ్యాన్‌హోల్ తెరిపించకండి. రెండు ఫొటోలు తీసుకుని, ఒకటి మీ ఆఖరి ఛాంబర్‌ది, ఇంకోటి రోడ్డు మీద పొంగుతున్న మ్యాన్‌హోల్‌ది, వార్డు సచివాలయంలో ఫిర్యాదు నమోదు చేయించి నంబరు తీసుకోండి. వీధిలో ఐదారు ఇళ్ల వాళ్లు కలిసి వెళ్తే కదలిక వేరుగా ఉంటుంది, అది మీకూ తెలుసు నాకూ తెలుసు. రోజుల తరబడి కాకపోతే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకి అదే నంబరు పట్టుకెళ్లండి.

ఇప్పుడు మాలాంటి వాళ్ల సంగతికి వస్తాను, ఇంట్లో అడ్డమేమీ లేకుండానే వానాకాలం రోడ్డు నీళ్లు ఇంట్లోకి తన్నేవాళ్లు. 2021 నవంబరులో తిరుపతి వానలు చూసినవాళ్లకి గుర్తుంటుంది, కపిలతీర్థం పైనుంచి దూకిన నీళ్లు, మాల్వాడి గుండం నీళ్లు, అన్నీ ఊళ్లోకే. ఆ పాటి వాన రాకపోయినా పాత ఇళ్లకి తిప్పలు తప్పవు, ఎందుకంటే రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయి మన గడప కిందికి పోయింది. మీ ఇంటికి ముప్పు ఉందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. మేస్త్రీలు లెవల్ చూసే పారదర్శక గొట్టం తెచ్చి, నీళ్లు నింపి, ఒక కొస రోడ్డు మ్యాన్‌హోల్ మూత దగ్గర, ఇంకో కొస కింది బాత్రూం గచ్చు దగ్గర పట్టుకోండి. మ్యాన్‌హోల్ మూత కన్నా మీ గచ్చు పల్లంగా ఉంటే, లైను నిండిన రోజు నీళ్లు రోడ్డు మీద పొంగకముందే మీ బాత్రూంలో పొంగుతాయి. అంతే, నీళ్లకి వేరే లెక్క తెలీదు.

దీనికి మందు మూడు రకాలు. పనికి ఆటంకం లేకుండా చౌకలో అయ్యేది నాన్ రిటర్న్ వాల్వు. ఛాంబర్‌లో పెట్టే ఒక రెక్క, నీళ్లు బయటికి పోతే తెరుచుకుంటుంది, వెనక్కి వస్తే మూసుకుంటుంది. నేను పెట్టించింది అదే, సంతోషమే, కానీ అమ్మేవాడు చెప్పని రెండు విషయాలున్నాయి. ఒకటి, రెక్క కింద కవరు ముక్కో గుడ్డపేలికో ఇరుక్కుంటే అది మూసుకోదు, కాబట్టి వానాకాలం ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి తీసి కడగాలి. రెండోది నాకు నాలుగు నెలల తర్వాత తెలిసింది. వాల్వు మూసుకుని ఉన్నంతసేపు మన నీళ్లూ బయటికి పోవు. మా ప్లంబర్ దాన్ని ఇంటి మొత్తం లైనుకి, పై అంతస్తు పైపు కూడా కలిసిన చోట పెట్టాడు. రోడ్డు నీళ్లు రాలేదు, నిజమే, మేడ మీద అద్దెకున్నవాళ్లు వాషింగ్ మెషీన్ వేస్తే ఆ సబ్బునీళ్లన్నీ పోయే దోవ లేక మా బాత్రూంలో తేలాయి. వాల్వు పెట్టాల్సింది కింది అంతస్తు పైపుకి మాత్రమే, పై అంతస్తు గొట్టం వాల్వు దాటాక కలవాలి. మీరు కొత్తగా పెట్టిస్తుంటే ఈ ఒక్కమాట ప్లంబర్‌కి ముందే చెప్పండి.

రెండోది గచ్చు ఎత్తు పెంచడం, లేదా కింది బాత్రూంని ఎత్తైన చోటికి మార్చడం. ఖర్చు బాగా అవుతుంది, ఇల్లు ఎలాగూ బాగుచేయిస్తున్నప్పుడు తప్ప దానికోసమే పెట్టుకోమని నేను అనను. కానీ తేడా గచ్చుకీ మ్యాన్‌హోల్‌కీ అడుగు దాటితే వాల్వు మీద ఆశ పెట్టుకోకుండా దీనికే డబ్బు కూడబెట్టండి.

మూడోది మన ఇంటికి కాదు, వీధికి. మిద్దె మీది వాన గొట్టాన్ని చాలామంది యూజీడీ ఛాంబర్‌లోకే కలిపేస్తారు, మేమూ కలిపాం. లెక్క వేసి చూడండి. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఐదు సెంటీమీటర్ల వాన పడితే సుమారు 4,600 లీటర్లు. ఫ్లష్‌కి పది లీటర్లనుకుంటే 460 సార్లు ఫ్లష్ కొట్టినట్టు, ఒక్క ఇంటి నుంచి. వీధిలో ముప్పై ఇళ్లు ఇలాగే కలిపితే ఆ లైను ఎందుకు పొంగదు? ఇంతా చేసి లైను తీయలేదని ఫిర్యాదు చేయడానికి ముందు వరుసలో నిలబడేది మనమే. వాన గొట్టాన్ని విడదీసి ఇంకుడు గుంతకో పక్క కాలవకో తిప్పడానికి ఒక పూట పని, నాలుగు ఎల్బోలు. మా వీధిలో ఇప్పటికి ముగ్గురం తిప్పాం.

వాల్వు పెట్టించే లోపు వాన వచ్చిందంటే, గట్టి ప్లాస్టిక్ సంచిలో తడి ఇసుక సగం నింపి మూతి కట్టి ఒకటి కమోడ్‌లో, ఒకటి నహాని ట్రాప్ మీద పెట్టండి. అందంగా ఉండదు, ఆపుతుంది.

నీళ్లు ఒకసారి ఇంట్లోకి వచ్చేశాక ముందు స్విచ్ బోర్డులు తడిశాయేమో చూసి మెయిన్ ఆపండి. చేతికి గ్లౌజులు, కాళ్లకి బూట్లు. అందరూ మర్చిపోయేది సంపు. చాలా ఇళ్లలో సంపు, ఛాంబర్ రెండూ గేటు పక్కనే జంటగా ఉంటాయి, ఛాంబర్ పొంగితే మూత సందుల్లోంచి సంపులోకి పోతుంది. అనుమానముంటే ఆ నీళ్లు మోటారుతో పైకి ఎక్కించకండి, ఒకసారి ఎక్కిందంటే ట్యాంకు, కుళాయిలు అన్నీ కడుక్కోవాలి. సంపు ఖాళీ చేసి, బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో గోడలు రుద్ది కడిగి మళ్లీ నింపుకోండి.

మేడ మీది గొట్టం మార్పించడానికి ముందు వరండా బండలు తీయాలన్నాడు ప్లంబర్, సంక్రాంతి పోయాక చూద్దాం అనుకుని ఇంకా చూస్తూనే ఉన్నాను. అందాకా మబ్బు పట్టిందంటే చాలు పైనావిడ మెట్ల దగ్గరికొచ్చి అడుగుతుంది, “అన్నా, మెషీన్ వేసేదా, ఆగేదా?” నేను గొడుగు తీసుకుని గేటు దగ్గరికెళ్లి ఛాంబర్ మూత ఎత్తి చూసి చెప్తాను.